లివింగ్‌స్టన్‌కు 13 కోట్లు సరే, బౌలింగ్ ఎవరు వేస్తారు?

ఉప్పల్ ఈస్ట్ స్టాండ్:
అబుదాబిలో ఐపీఎల్ 2026 మినీ వేలం అయినప్పటి నుంచి మన సన్‌రైజర్స్ హైదరాబాద్ అభిమానులందరూ ఈసారి 300 పరుగులు ఖాయం అంటూ ఊగిపోతున్నారు. ఊగండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అవతలి జట్టు కూడా 20 ఓవర్లు ఆడుతుంది కదా, ఆ ఓవర్లు వేసేదెవరో కొంచెం చెప్పండి.

షమీని లక్నోకు ఇచ్చేశారు. రాహుల్ చాహర్, జంపా, సిమర్‌జీత్‌లను వదిలేశారు. అంటే ఖాళీ అయిందంతా దాదాపు బౌలింగే. చేతిలో 25.5 కోట్లతో వేలానికి వెళ్ళి అందులో 13 కోట్లు లియామ్ లివింగ్‌స్టన్‌కు పోశారు. ఇండియాకు ఆడిన బౌలర్ అని చెప్పుకోవడానికి కొన్నది ఒక్క శివమ్ మావిని, 75 లక్షలకు. లెక్క చూడండి, క్లాసెన్ 23, హెడ్ 14, అభిషేక్ 14, ఇషాన్ కిషన్ 11.25, ఇప్పుడు ఈయన 13, మొత్తం 75.25 కోట్లు. 125 కోట్ల పర్స్‌లో (జట్టు మొత్తం ఖర్చు పరిమితిలో) అరవై శాతం ఐదుగురు బ్యాటర్లకే. ఇటు కమిన్స్‌ను, హర్షల్‌ను పక్కన పెడితే బౌలర్లు ఈషాన్ మలింగ, కార్స్, ఉనద్కత్ ముగ్గురికీ కలిపి 3.2 కోట్లు.

పోనీ డబ్బుల్లేవా అంటే 5.45 కోట్లు ఖర్చు పెట్టకుండా ఇంటికి తెచ్చుకున్నారు. ఆకాశ్ దీప్ కోటి రూపాయలకే కోల్‌కతాకు వెళ్ళాడు. 2025 సీజన్ దాదాపు అంతా మనం బెంచీ మీద కూర్చోబెట్టిన చాహర్‌కు చెన్నై 5.20 కోట్లు ఇచ్చింది. మనకున్న ఒకే ఒక్క కప్పు 2016లో ఎలా వచ్చిందో గుర్తుందా? భువనేశ్వర్ (భువీ) 23 వికెట్లు, ముస్తాఫిజుర్ 17. 2018లో వాంఖడేలో 118కే ఆలౌటై, ముంబైని 87కే చుట్టేసిన జట్టు మనది. ఆ జట్టు ఏమైపోయిందని నా బాధ.

దంచి కొడదాం:
ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా, వచ్చింది 2016 పాట. అన్నా, అదే సీజన్‌లో వార్నర్ 848 పరుగులు కొట్టాడు, అది మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఫైనల్లో 208 కొడితేనే ఎనిమిది పరుగుల తేడాతో బయటపడ్డాం.

బౌలింగ్ మీద డబ్బు పెట్టలేదనడం కూడా అన్యాయం. 2024 నవంబర్‌లో జెడ్డా మెగా వేలానికి మన దగ్గర మిగిలింది 45 కోట్లు. అందులో షమీకి 10, హర్షల్‌కు 8, చాహర్‌కు 3.2, జంపాకు 2.4 ఇచ్చారు, అంటే సగం పైగా బౌలర్లకే. ఏం ఒరిగింది? ఉప్పల్‌లో పంజాబ్ మీద షమీ 4 ఓవర్లలో 75 ఇచ్చాడు, వికెట్ లేదు. ఆ మ్యాచ్ గెలిపించింది అభిషేక్, 55 బంతుల్లో 141, 246 లక్ష్యాన్ని ఇంకా 9 బంతులుండగానే లేపేశాం. మన పిచ్ రోడ్డు లాంటిది. అక్కడ ఎవరిని తెచ్చినా కొడతారు, కాబట్టి వాళ్ళకంటే ఇంకో ఇరవై ఎక్కువ కొట్టే జట్టు కావాలి. 277, 287, 286, ఇవన్నీ మనం కొట్టినవే కదా.

ఉప్పల్ ఈస్ట్ స్టాండ్:
ఆ 286 కొట్టిన 2025లో మనం ఎన్నో స్థానంలో ఉన్నామో కూడా చెప్పు తమ్ముడూ. ఆరో స్థానం. ప్లేఆఫ్స్ టీవీలో చూశాం.

షమీ సంగతంటావా, అది బౌలింగ్ మీద పెట్టిన ఖర్చు కాదు, పేరు మీద పెట్టిన ఖర్చు. దాదాపు ఏడాది గాయంతో ఆటకు దూరమైన మనిషికి 10 కోట్లు ఇచ్చి, ఒక్క సీజన్ చూసి, వద్దనుకున్నారు. కోల్‌కతా స్టార్క్‌కు 24.75 కోట్లు ఇస్తే అందరం నవ్వాం. 2024 క్వాలిఫయర్‌లో హెడ్‌ను డకౌట్ చేసిందెవరు? ఫైనల్లో మొదటి ఓవర్లోనే అభిషేక్‌ను బౌల్డ్ చేసిందెవరు? 113కి ఆలౌటయ్యాం, వాళ్ళు 10.3 ఓవర్లలో కొట్టేశారు. ఆ రెండు రాత్రులకే డబ్బు మొత్తం వసూలైపోయింది వాళ్ళకి. 2025లో బెంగళూరు కూడా అంతే, హేజిల్‌వుడ్‌కు 12.5, మనం వదిలేసిన భువీకి 10.75 పెట్టి కప్పు పట్టుకెళ్ళింది.

మర్రిపాలెం కుర్రాడు:
మీ ఇద్దరి మధ్యలో నేనొక మాట. 113 గురించి చెప్పారు కాబట్టి అడుగుతున్నా, ఆ రోజు తేలింది మిడిల్ ఆర్డర్ లేదనే కదా? హెడ్, అభిషేక్ ఇద్దరూ పోతే క్లాసెన్ ఒక్కడే మిగులుతున్నాడు. మా వైజాగ్ నితీశ్ 2024లో ఆడిన ఆట వేరు, 2025లో 182 పరుగులకే ఆగిపోయాడు, ఇందులో దాచేదేముంది. అభినవ్ మనోహర్‌ను నమ్ముకుంటే అతనూ ఆడలేదు. అందుకని ఆరో నంబర్లో ఒక గట్టి మనిషిని తెచ్చుకోవడం తప్పు కాదు, నా గొడవంతా ఆ మనిషి లివింగ్‌స్టన్ కావడంతోనే. బెంగళూరుకు 8.75 కోట్ల మీద 2025లో పది మ్యాచులు ఆడి 112 పరుగులు చేశాడు. కప్పు గెలిచిన జట్టే వద్దనుకున్న వాడికి మనం ఇంకో నాలుగు కోట్లు కలిపి ఇచ్చాం. పంజాబ్‌కు 2022లో 437 కొట్టిన లివింగ్‌స్టన్ వస్తే సంతోషమే, పండగ చేసుకుంటా.

చార్మినార్ ఎండ్:
అందరూ అన్నీ చెప్పారు గానీ అసలు పేరు ఒక్కరూ ఎత్తరు. సిరాజ్. మన హైదరాబాద్ పిల్లగాడు. 2017లో 2.6 కోట్లు పెట్టి కొన్నది మనమే, మరుసటి ఏడాదికి బెంగళూరుకు పోయాడు. జెడ్డాలో మళ్ళీ వేలానికి వచ్చినప్పుడు గుజరాత్ 12.25 కోట్లకు తీసుకుంది, అంటే ఇప్పుడు లివింగ్‌స్టన్‌కు ఇచ్చినదాని కంటే తక్కువకే. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో ఉప్పల్‌కే వచ్చి, మన ముందే, 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. స్టేడియంలో చప్పట్లు కొట్టాలా ఏడవాలా తెలియని పరిస్థితి.

ఇగ రోడ్డు పిచ్ అంటున్న తమ్ముడికి, ఆ 4 వికెట్లు ఏ పిచ్ మీద తీశాడో అడుగుతున్నా.

దంచి కొడదాం:
సిరాజ్ విషయంలో నాకూ మంటే, ఒప్పుకుంటా. కానీ భువీ కథ వేరు. మన దగ్గర 2024లో 16 మ్యాచులు ఆడి 11 వికెట్లు తీశాడు. రాజస్థాన్ మీద చివరి బంతికి పావెల్‌ను ఎల్బీ చేసి ఒక్క పరుగుతో గెలిపించిన రాత్రి నాకూ గొంతు పోయింది, అయినా సీజన్ మొత్తం చూస్తే అతను అయిపోయాడనే అందరం అన్నాం. నటరాజన్ కోసం ఢిల్లీ 10.75 కోట్లు పెట్టింది, గాయాలతో ఆడిందే తక్కువ. బౌలర్ మీద పెట్టే డబ్బు మోకాలి మీద, నడుము మీద పెట్టే డబ్బు. బ్యాటర్ కనీసం దిగుతాడు.

టెక్సాస్ నుంచి:
ఇక్కడ పొద్దున్నే మ్యాచులు చూసే వాళ్ళలో నేనొకణ్ణి, నాకు తోచింది చెప్తాను. మీరంతా 13 కోట్ల దగ్గర కొట్టుకుంటున్నారు గానీ చేతులు కట్టేసుకున్నది అంతకుముందే. 2024 అక్టోబర్‌లో ఐదుగురిని అట్టిపెట్టుకోవడానికి 75 కోట్లు పెట్టాక, ముఖ్యంగా క్లాసెన్‌కు 23 రాశాక, మంచి ఇండియన్ బౌలర్లు ఇద్దర్ని కొనే దారి మూసుకుపోయింది. క్లాసెన్ విలువ తక్కువని కాదు, 2025 ఆఖరి మ్యాచ్‌లో 39 బంతుల్లో 105 కొట్టిన వాణ్ణి ఎవరు వదులుకుంటారు. కానీ ఆ బేరం చేశాక మిగతాది సర్దుకోవాల్సిందే.

ఇంకోటి ఎవరూ మాట్లాడటం లేదు, విదేశీ స్లాట్లు, అంటే తుది జట్టులో విదేశీ ఆటగాళ్ళకు ఉండే నాలుగు చోట్లు. హెడ్, క్లాసెన్, కమిన్స్, లివింగ్‌స్టన్, నలుగురు అయిపోయారు. మలింగ, కార్స్, కమిందు, ఎడ్వర్డ్స్ నీళ్ళు మోయాల్సిందే. 2025లో మనకు బాగా వేసిన వాళ్ళలో మలింగ ఒకడు, 1.2 కోట్ల బౌలర్. అతన్ని కూర్చోబెట్టడానికే 13 కోట్లు ఖర్చు పెట్టినట్టు అయింది కదా? కమిన్స్ నడుము పట్టేసి యాషెస్‌లో ఒకే ఒక్క టెస్టు ఆడాడు, అది ఇంకో టెన్షన్.

ఒక మంచి సంగతి కూడా ఉంది. స్పిన్ లేదు స్పిన్ లేదు అని ఏడుస్తున్నారు, హర్ష్ దూబే మన దగ్గరే ఉన్నాడు. 2024-25 రంజీలో విదర్భకు 69 వికెట్లు తీశాడు, ఒక సీజన్‌లో అదే రికార్డు. 30 లక్షల ఆటగాడని ఎవరూ పట్టించుకోరు.

ఉప్పల్ ఈస్ట్ స్టాండ్:
రంజీలో నాలుగు రోజులు వేసే వాడు ఉప్పల్‌లో చిన్న బౌండరీకి వేస్తే ఎలా ఉంటుందో చూడాలి, అయినా దూబేను ఆడించాలనే నేనూ అంటాను. విదేశీ స్లాట్ల మాట మాత్రం నూటికి నూరు శాతం నిజం. ఇదే ఓనర్లు దక్షిణాఫ్రికా లీగ్‌లో మార్కో యాన్సెన్‌ను పెట్టుకుని మొదటి రెండు సీజన్లూ కప్పు కొట్టారు. ఇక్కడేమో అదే యాన్సెన్‌ను పంజాబ్ 7 కోట్లకు ఎత్తుకెళ్తే చూస్తూ కూర్చున్నారు.

దంచి కొడదాం:
సరే, ఏడుపులు ఆపి జట్టు రాసుకుందాం. హెడ్, అభిషేక్, ఇషాన్, క్లాసెన్, నితీశ్, లివింగ్‌స్టన్, అనికేత్, కమిన్స్, హర్షల్, ఉనద్కత్, జీషన్. ఇంపాక్ట్ ప్లేయర్‌గా (మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు దింపే ఆటగాడిగా) దూబే. లివింగ్‌స్టన్ ఆఫ్ స్పిన్, లెగ్ స్పిన్ రెండూ వేస్తాడు, నితీశ్ రెండు ఓవర్లు, అభిషేక్ ఒకటి. కమిన్స్ లేకపోతే నేరుగా మలింగ. ఇందులో భయపడాల్సింది ఏముందో చెప్పండి.

చార్మినార్ ఎండ్:
కమిన్స్ ఆడట్లేదనుకో. హర్షల్ 18, 20 వేస్తాడు, మలింగ నాలుగు ఓవర్ల కోటా పవర్‌ప్లేలో, మధ్యలో అయిపోయింది. 19వ ఓవర్ ఎవరికి ఇస్తావ్?

దంచి కొడదాం:
ఉనద్కత్.

చార్మినార్ ఎండ్:
అయితే 300 కొట్టాల్సిందే.