చరిత్ర సంఘాన్ని నిలబెట్టడం ఎలా? నడిపినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది ములుగు వైపు. కాకతీయుల నాటి గుళ్లు, శాసనాలు, వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) ఊరూరా తిరిగి చూసి రాసిపెట్టే చిన్న సంఘం మాది. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు జనం పోటీపడి చేరారు. ఇప్పుడు ఆదివారం బయల్దేరదామంటే వచ్చేది నలుగురే, మిగతావాళ్లు వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌లతో సరిపెడుతున్నారు.

పోయిన నెల ఒక ఊళ్లో శాసనం రాయికి బర్రెను కట్టేసి ఉంటే, రైతును బతిమాలి విప్పించి, రాయి కడిగి, అక్షరాల అచ్చు తీయడానికి తడి కాగితం పరిచి బ్రష్‌తో కొట్టి సిరా అద్దుతుంటే అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి, అందరికంటే ముందు వంగి చూసింది ఆ రైతే! ఇలాంటివాళ్లను సభ్యులుగా చేర్చుకోవాలని నాకు గట్టిగా ఉంది.

కానీ పాత లిపి చదవగలిగింది మా సారొక్కరే, ఆయనకు డెబ్బై దాటాయి, ఆయన తర్వాత ఎవరని చాలా టెన్షన్‌గా ఉంది. రిజిస్ట్రేషన్‌కు కనీసం 7గురు కావాలి, పేరు ఇస్తారు గానీ పని పంచుకోరు. చందా ఎంత పెట్టారు? కాలేజీ పిల్లలను ఎలా నిలుపుకున్నారు? బాధ్యతలు ఎలా పంచారు? దయచేసి వివరంగా చెప్పండి.