మూడు వేల బడ్జెట్‌లో వంట క్లాస్, ఏది చూసుకోవాలి?

నాచారం_కుర్రోడు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ పీజీ తిండి, ఈ నెల నుంచి ఫ్రెండ్‌తో కలిసి ఫ్లాట్ తీసుకున్నాం. అన్నం, ఆమ్లెట్, మ్యాగీ తప్ప ఏం రాదు. యూట్యూబ్ చూసి చేస్తే ఏదో ఒకటి అవుతోంది గానీ ఎక్కడ తేడా కొట్టిందో చెప్పేవాళ్లు లేరు, అందుకే క్లాస్‌లో చేరదామని. మా పక్క వీధిలో ఒక ఆంటీ ఇంట్లోనే నేర్పిస్తారంట, రెండు వారాలు శని ఆదివారాలు, 2500. ఇంకోటి స్టూడియో టైపు, ఏసీ గీసీ, ఒక్క రోజులో 12 ఐటమ్స్, 3500, సర్టిఫికెట్ కూడా ఇస్తారట. బడ్జెట్ 3000, మహా అయితే ఇంకో అయిదొందలు. ఏది బెటర్?

పోపులపెట్టె:
సర్టిఫికెట్ ఏం చేసుకుంటావ్ తమ్ముడూ, ఫ్రేమ్ కట్టించి గ్యాస్ పొయ్యి పైన తగిలిస్తావా. ఒక్క రోజులో 12 ఐటమ్స్ అంటే అది డెమోనే, వాళ్లు చేస్తారు నువ్వు వీడియో తీసుకుని చివర్లో తలో స్పూను రుచి చూసి వస్తావ్, ఆ మాత్రానికి యూట్యూబ్ చాలదా. రెండు చోట్లా ఫోన్ చేసి ఒకటే అడుగు, ఒక పొయ్యికి ఎంతమంది, గరిటె ఎవరి చేతిలో ఉంటుంది అని. ఉత్త పోపే తీసుకో, శనగపప్పు ముందు వేసి అది రంగు తిరుగుతుండగా మినప్పప్పు, ఆవాలు, అవి చిటపటలాడాక మంట తగ్గించి జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఆఖర్న కరివేపాకు ఇంగువ. చదివితే అర నిమిషం పని. నూనె కాస్త ఎక్కువ కాగిందంటే జీలకర్ర మాడి పప్పంతా చేదెక్కుతుంది. ఆ కాగడం ఎంతో నీ పొయ్యి దగ్గర నువ్వు నిలబడి చూస్తేనే తెలుస్తుంది, నోట్స్ రాసుకుంటే రాదు.

బెజవాడ_బేకర్:
పైన అక్క చెప్పింది కరెక్ట్. నాది కేకుల క్లాస్ అనుభవం, పేరు వద్దులెండి. ఎగ్‌లెస్ స్పెషల్ అని మంచి ఫీజే తీసుకున్నారు, తీరా చూస్తే ప్రీమిక్స్ ప్యాకెట్ కట్ చేసి నీళ్లు నూనె కలపడమే, మైదా ఎంత బేకింగ్ పౌడర్ ఎంత అంటే సమాధానం లేదు, పైగా ఆ ప్యాకెట్లు వాళ్ల దగ్గరే కొనాలి. వంట క్లాసుల్లో కూడా ఇదే కథ, మసాలా ముందే రెడీగా కలిపి డబ్బాలో తెస్తున్నారంటే అనుమానించాల్సిందే. ఇంకోటి, సరుకులు ఫీజులో కలిపేనా అని ముందే అడగండి. చికెన్, నెయ్యి, జీడిపప్పు మీరే తెచ్చుకోవాలంటే ఆ 2500 ఎక్కడికో పోతుంది.

విద్యానగర్_పాతకాపు:
ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ల కోసం. ఉపాధి కోసం నేర్చుకునేవాళ్లయితే జేబులోంచి అంత పెట్టక్కర్లేదు. బ్యాంకులు నడిపే ఆర్‌సెటీల్లో (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు) పల్లెటూళ్ల నిరుద్యోగులకి ట్రైనింగ్ ఫ్రీ, భోజనం వసతి కూడా వాళ్లదే, పచ్చళ్లు, అప్పడాలు, మసాలా పొడుల కోర్సు పది రోజులు. హైదరాబాద్‌లో మా ఏరియా డీడీ కాలనీలో కేంద్ర ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, షార్ట్ కోర్సులు ఏమన్నా నడుస్తున్నాయేమో గేటు దగ్గర కనుక్కుంటే పోయేదేం లేదు. తమ్ముడి కేసు వేరే, సరదాగా వీకెండ్ నేర్చుకునేవాళ్లకి ఇవి సెట్ అవ్వవు.

నాచారం_కుర్రోడు:
థాంక్యూ అక్కా, అన్నా. రెండు చోట్లా ఫోన్ చేశా. స్టూడియోలో ఒక బ్యాచ్‌కి పాతికమంది, పొయ్యి ఒకటే, అది కూడా వాళ్ల చెఫ్‌దే 😂 ఆంటీ దగ్గర నలుగురం, రెండు పొయ్యిలు, ఉల్లిపాయలు తరగడం దగ్గర్నుంచి మీరే బాబూ అన్నారు, సరుకులు ఆవిడవే, చికెన్ రోజు మాత్రం తలా కొంత వేసుకోవాలట. మెనూ పప్పు, సాంబారు, గుత్తివంకాయ, కోడి కూర, పులిహోర, డబుల్ కా మీఠా.

పోపులపెట్టె:
ఇంకేం, చేరిపో. నాలుగు రోజుల డబ్బులూ ఒకేసారి కట్టకు, మొదటి శనివారానికి కట్టి చూడు, పనికొచ్చేవాళ్లయితే ఒప్పుకుంటారు. డబుల్ కా మీఠా తీసేసి చారు, బెండకాయ వేపుడు పెట్టమని అడుగు. ఆఫీస్ నుంచి తొమ్మిదింటికి వచ్చి బ్రెడ్డు వేయించుకుంటూ ఎవడు కూర్చుంటాడు.