ఈ వారం సమస్య: “వేడి పెంచినంత వేడి తగ్గె”

నిర్వాహకుడు (ఎల్బీ నగర్)

ఈసారి సమస్య నా సొంత కష్టంలోంచి పుట్టింది. వచ్చే శనివారం తెల్లవారుజామున పిల్లల్ని వేసుకుని అరకు బయల్దేరాలి. విశాఖ దాకా ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు, ఆ తర్వాత శృంగవరపుకోట దాటగానే అనంతగిరి ఘాటు. మొన్న ఆదివారం బండిని ఒకసారి అలా తిప్పుదామని తీస్తే, సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు ఆగేసరికి టెంపరేచర్ సూది ఎర్రగీత వైపు పాకింది. తొమ్మిదేళ్ళ పెట్రోలు బండి. ఇంకా నయం, దీనికి సూది ఉంది. కొత్త బండ్లలో చాలావాటికి ఒక లైటు తప్ప ఏమీ ఉండటం లేదు. అది ఎర్రగా వెలిగేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది.

సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, దీనికి అర్థం కుదిరేలా పూరించాలి:

*వేడి పెంచినంత వేడి తగ్గె*

అయిదూ హగణాలే, అంటే నిడివైన అక్షరం (గురువు) తర్వాత పొట్టి అక్షరం (లఘువు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జతపడే అక్షరం, వే–వే. పెంచితే తగ్గడమేమిటి అన్నదే చిక్కుముడి. విషయం మాత్రం కారు, ప్రయాణం. జ్వరానికి మిరియాల కషాయం తాగి చెమట పట్టించే పూరణలు అప్పుడే రెండు వచ్చాయి. పద్యాలు బాగున్నాయి గానీ పక్కన పెట్టాను.

కాకినాడ అక్క

నా పూరణ. చిన్నప్పుడు శ్రీశైలం దారిలో నిజంగా జరిగిందే. పద్యంలో ‘యేసి’ అంటే ఏసీ, ‘నాబు’ అంటే హీటర్ తిప్పే మీట.

*ఘాటు రోడ్డు మీద కారు పొగలు గక్క*
*నాన్న యేసి నాపి నాబు ద్రిప్పె*
*హీటరంత పెట్ట నింజిను శాంతించె*
*వేడి పెంచినంత వేడి తగ్గె*

మండుటెండలో నాన్న హీటర్ పెట్టేసరికి అమ్మ ఈయనకేమైందోనని చూసింది. అద్దాలన్నీ దించి, చెమటలు కక్కుకుంటూ పైదాకా వెళ్ళాం.

భీమవరం పంతులుగారు

అమ్మా, సమస్యలోని చిక్కు ఒక్క దెబ్బకు విడిపోయింది. మూడో పాదంలో యతి గురించి కొత్తవాళ్ళు అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. ‘నింజిను’లో నకారం ద్రుతం, అంటే ముందు మాట చివర చేరే న, తాలూకుది. యతి లోపలి ఇకారానికి. హీకారంతో ఇకారానికి మైత్రి ఉంది కనుక చెల్లింది.

‘హీటరంత పెట్ట’ మాత్రం నాలుక మీద నిలవడం లేదు. హీటరంతా అంటే మరి మిగిలిందేమిటి? ‘హీటరపుడు పెట్ట’ అనండి. ‘రపుడు’ నగణం, అంటే మూడు లఘువులు, సరిపోతుంది.

ఆటోనగర్ తమ్ముడు

అక్కా, ఛందస్సు నాకు ఇంకా కొత్త. బండి మాత్రం పాతదే. మొదటి పాదంలో ‘పొగలు’ తప్పు. వేడెక్కిన కారు బానెట్ సందుల్లోంచి వచ్చేది ఆవిరి. పొగ వేరు. పొగ వచ్చిందంటే ఏదో కాలుతోందని, వెంటనే బండి ఆపి దిగిపోవాలి. అప్పుడు హీటర్ పెట్టి కొండ ఎక్కకూడదు.

హీటర్ సంగతి మాత్రం నిజం. డ్యాష్‌బోర్డు వెనకాల ఉండేది ఒక బుల్లి రేడియేటరే. ఇంజిన్‌లో కాగిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లార్చే ద్రవం) దాని గుండా పారుతుంది, బ్లోయర్ ఆ వేడిని మన మొహాన కొడుతుంది. అంటే ఇంజిన్ మోయాల్సిన వేడిలో కొంత మనం మోస్తామన్నమాట. ఏసీ ఆపితే ఇంజిన్ మీద ఇంకో బరువు దిగుతుంది. పక్కకు తీసి ఆపే చోటు దొరికేదాకా ఇది పనికొచ్చే కిటుకు. రిపేరు మాత్రం కాదు.

కాకినాడ అక్క

ఒప్పుకుంటున్నాను తమ్ముడూ. ‘కారు సెగలు గక్క’ అని మార్చాను. గణాలు కదలలేదు, నిజమూ దక్కింది.

గుంటూరు కోడలు

మా ఇంట్లో ఇంజిన్ కంటే ముందు మనుషులు వేడెక్కుతారు.

*బండి చూపుమన్న భర్త చిందులు వేసె*
*నీళ్ళు చాలు ననుచు నీల్గి పలికె*
*అత్తగారు గొంతు నంతకంతకు పెంచ*
*వేడి పెంచినంత వేడి తగ్గె*

భీమవరం పంతులుగారు

భలే! మొదటి వేడి అత్తగారిది, రెండో వేడి అబ్బాయిది. ఒకే మాటను రెండు చోట్ల ఇద్దరు మనుషులకు అంటగట్టడం సమస్యాపూరణంలో పాత ఎత్తే అయినా, కోడలి పక్షాన అత్తగారు అరవడం కొత్త. ‘నీల్గి’ మంచి మాట, ఈ మధ్య ఎవరూ వాడటం లేదు.

ఆటోనగర్ తమ్ముడు

వదినా, బావగారికి చెప్పండి, నీళ్ళు చాలవు. దారిలో ఆగిపోతే ఇంటిదాకా రావడానికి మంచినీళ్ళు పోసుకోవచ్చు, తప్పదు. ఎప్పుడూ బోరు నీళ్ళే పోస్తుంటే మాత్రం మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. పైగా తుప్పు. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపితే మరిగే వేడి పెరుగుతుంది, తుప్పూ ఆగుతుంది. కలిపి అమ్మే డబ్బా అయితే ఇంకేమీ కలపక్కర్లేదు. ఆ తేడా చూడకుండా దాంట్లోనూ నీళ్ళు కలిపేవాళ్ళు రోజుకొకరు వస్తారు మా షెడ్డుకి.

ఇదిగో నా మొదటి పూరణ. తిట్టకండి.

*మైనమున్న మూత మరుగునీటను విచ్చె*
*గిన్నె పెట్టి చూడఁ గిటుకు దెలిసె*
*రేడియేటరుకు నీరు వేగమె సాగ*
*వేడి పెంచినంత వేడి తగ్గె*

భీమవరం పంతులుగారు

తిట్టడమెందుకయ్యా, మొదటి పాదానికి నేనే చప్పట్లు కొట్టాను. మై–మ యతి చక్కగా పడింది, ఐకారానికి అకారంతో చెల్లుతుంది. మూడో పాదం దగ్గర బండి ఆగింది. రేడి, యేట రెండూ హగణాలు. తర్వాత ‘రుకునీ’, రెండు లఘువుల మీద గురువు. అది సూర్యగణం, అంటే హగణం గానీ నగణం గానీ, కాదు. ‘రేడియేటరునకు’ అన్నావంటే ‘రునకు’ నగణమై గట్టెక్కుతుంది. ఇక ‘రే’కు యతి వెతుక్కో.

అది సరే, ఈ మైనం మూత ఏమిటి? నాకు అర్థం కాని పద్యాన్ని మెచ్చుకున్నానన్న బెంగ పట్టుకుంది.

ఆటోనగర్ తమ్ముడు

థర్మోస్టాట్ అండీ పంతులుగారూ. బొటనవేలంత ఇత్తడి డబ్బీ, దాన్లో మైనం, పైన ఒక స్ప్రింగు మూత. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత పడి ఉంటుంది, కూలెంట్ ఇంజిన్‌లోనే తిరుగుతుంది. వేడి 80 దాటి, బండిని బట్టి 82, 88 ఇలా ఆ డబ్బీ మీద కొట్టిన అంకె దగ్గరికి రాగానే మైనం కరిగి ఉబ్బుతుంది, మూత తోసుకుని తెరుచుకుంటుంది. అప్పుడే నీళ్ళు రేడియేటర్‌కి దారి పడతాయి. అంటే వేడి పెరిగితేనే వేడి తగ్గే దారి తెరుచుకుంటుంది. మీ సమస్య చదవగానే నాకు తట్టింది ఇదే.

మూత తెరుచుకోక బిగుసుకుపోతే ఇంజిన్ ఉడుకుతుంది. పనిచేస్తోందా లేదా చూడ్డానికి గిన్నెలో నీళ్ళుపోసి దారంతో వేలాడదీసి కాచాలి. మొదట ఏమీ కాదు. నీళ్ళ అడుగున బుడగలు లేచే వేళకి మూత అంచు దగ్గర గోరు పట్టేంత సందు కనిపిస్తుంది, చూస్తుండగానే నోరు తెరుస్తుంది. మొదటిసారి ఇంట్లో చేసినప్పుడు పాలగిన్నె వాడాను. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాలేదు. అమ్మ చేసిందే కరెక్టు, కూలెంట్ విషం.

సరిచేసిన మూడో పాదం:

*రేడియేటరునకు రివ్వున నీరేగ*

భీమవరం పంతులుగారు

రే–రి. నీరేగింది, నీ బండీ కదిలింది. నాకిప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదే మేలు. మిగతావాళ్ళు సమస్యను తప్పించుకున్నారు. ఇతను మాత్రం విరోధం లేదని చూపించాడు.

శాన్ హోసే బావ

మా వైపు నుంచి ఒకటి. లాస్ వేగస్ దారిలో బేకర్ దాటాక పెద్ద ఎక్కుడు ఉంటుంది. ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపుకోండని రోడ్డు పక్కన బోర్డే పెట్టారు.

*మోజవీ యిసుకల ముదురెండఁ గొండెక్క*
*బోర్డు చూచి యేసి పొదుపు జేసి*
*చెమట కారుచుండ జేజేలు హీటరా*
*వేడి పెంచినంత వేడి తగ్గె*

ఒప్పుకోలు: ఇక్కడ ఆ ఎడారిని పలికేది మొహావీ అని. గణం కుదరక స్పెల్లింగ్ పట్టుకుని మోజవీ చేశాను.

భీమవరం పంతులుగారు

పరాయి పేరుకు ఛందస్సు కోసం కాస్త కాలు వంచినా ఫరవాలేదు. రెండో పాదంలో ‘పొదుపు’ నవ్వించింది. అయితే ఇది అక్కయ్యగారి భావమే, ఎడారి మారింది అంతే.

నెల్లూరు రిటైర్డ్ లెక్కల మాస్టారు

అందరూ హీటర్‌కి హారతి పడుతున్నారు కాబట్టి నాది ఎదురు పద్యం. సమస్యను ప్రశ్నగా మార్చాను.

*నీరు లేని యెడల నిట్టూర్చు హీటరు*
*చల్లగాలి వచ్చు జాలి లేక*
*ఇంజినుడికి పోవ నెవరు నమ్ముదురయ్య*
*వేడి పెంచినంత వేడి తగ్గె?*

ఆటోనగర్ తమ్ముడు

మాస్టారూ, దండం. అందరూ మరిచిపోయేది ఇదే. సూది పైన ఉండి, హీటర్ ఫుల్లుగా పెట్టినా చల్లగాలి వస్తోందంటే లోపల తిరగడానికి కూలెంట్ లేదని, లేదా పంపు తిప్పడం లేదని. ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. ఆపి, బానెట్ ఎత్తి, చెట్టు కింద కూర్చోవాలి. ఆ టైములో రేడియేటర్ మూత జోలికి పోకండి. బిగించి ఉన్నంతసేపూ లోపలి ఒత్తిడికి నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైన క్షణంలో ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. గుడ్డ అడ్డం పెట్టుకున్నా ఆగదు. మా షెడ్డులో ఒకాయన ముంజేయి చూపిస్తే మీకు పద్యం రాదు.

చల్లారాక ఆయిల్ కడ్డీ తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు ఆయిల్లో కలిసినట్టే. అరకు మాట మరిచిపోయి టోయింగ్‌కి ఫోన్ చేయాలి.

భీమవరం పంతులుగారు

ప్రశ్నార్థకంతో గట్టెక్కడం తేలిక దారని కొందరంటారు. ఇక్కడ అది తేలిక దారి కాదు, ‘నమ్ముదురయ్య’ దగ్గర వాక్యం సహజంగా విరిగింది. ‘నిట్టూర్చు హీటరు’కు నా తరఫున ఒక కాఫీ.

ఆటోనగర్ తమ్ముడు

ఇంతకీ నిర్వాహకుడి అన్నా, మీ బండి సంగతేమిటి? సిగ్నల్ దగ్గర లేచిన సూది, హైవే ఎక్కాక దిగిందా?

నిర్వాహకుడు (ఎల్బీ నగర్)

దిగింది తమ్ముడూ. రింగ్ రోడ్డు ఎక్కి కాస్త వేగం అందుకోగానే మధ్యకి వచ్చేసింది.

ఆటోనగర్ తమ్ముడు

అయితే ముందు ఫ్యాను చూడండి. పరుగులో ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లారుస్తుంది, నిలబడ్డప్పుడు ఫ్యానే దిక్కు. హైవేలో లేచి ఉంటే రేడియేటర్ పూడికో, థర్మోస్టాటో, పంపో అనుకునేవాణ్ణి. ఇంట్లోనే ఒక పరీక్ష: ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేయండి. చాలా బండ్లలో కాసేపట్లో ఫ్యాను దానంతటదే తిరగాలి. తిరక్కపోతే ఫ్యూజు, రిలే (ఫ్యానుకి కరెంటు కలిపే బుల్లి స్విచ్చు), వైరింగు, చివరికి మోటారు, ఈ వరసలో వెతకమనండి. రేడియేటర్ మొత్తం మార్చాలని మొదటి మాటగా అన్నవాడి దగ్గర్నుంచి బండి తెచ్చేసుకోండి.

నిర్వాహకుడు (ఎల్బీ నగర్)

మొదట చూపించిన షెడ్డులో అచ్చంగా అదే మాట అన్నారు, రేడియేటర్ మార్చాలని! ఇవాళ మా వీధి చివరి ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏసీ వేశాం, ఫ్యాను కదల్లేదు. రిలే పీకి చూస్తే ఒక కాలు నల్లగా మాడి ఉంది. అగ్గిపెట్టెలో సగం లేదు ఆ వస్తువు. కొత్తది పెట్టి, “ఇప్పుడు ఇంజిన్ వేడెక్కనివ్వండి సార్, అప్పుడే తెలుస్తుంది” అన్నాడు. పావుగంట అలా నిలబెట్టి వేడెక్కించాం. నా పూరణ అక్కడే తయారైంది.

*సూది పైకిఁ బోవఁ జూచుచు నిలుచుంటి*
*గుండె జారి కొండ గుర్తు వచ్చె*
*ఫ్యాను తిరిగె నపుడు ప్రాణమ్ము లేచొచ్చె*
*వేడి పెంచినంత వేడి తగ్గె*

భీమవరం పంతులుగారు

‘లేచొచ్చె’ వ్యాకరణానికి గిట్టదు. లేచి వచ్చె అనాలి. కాని అలా అంటే గణం పోతుంది, ఇలా అంటే నా పరువు పోతుంది. మీ ప్రాణం కాబట్టి మీ ఇష్టం.

కాకినాడ అక్క

‘కొండ గుర్తు వచ్చె’లో అనంతగిరి కనిపించింది. వచ్చాక గాలికొండ ఫొటో పెట్టండి.

ఆటోనగర్ తమ్ముడు

అన్నా, రేపు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పక్క ట్యాంకులో కూలెంట్ కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉందో లేదో చూడండి. సూది అంతసేపు పైకెక్కింది కదా, కొంత పొంగి పోయి ఉండొచ్చు. రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న పురుగులు, మట్టీ పైపుతో మెల్లగా కడిగించండి, ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. అన్నట్టు ఇవాళ ఎలక్ట్రీషియన్ దగ్గర ట్యాంకు మూత తీశారా?

నిర్వాహకుడు (ఎల్బీ నగర్)

తీశారు.

ఆటోనగర్ తమ్ముడు

మళ్ళీ బిగించారా?

నిర్వాహకుడు (ఎల్బీ నగర్)

టార్చి తీసుకుని కిందికి వెళ్తున్నాను.