డబ్బింగ్, ఎడిటింగ్ నేర్పే సంస్థ: సెక్షన్ 8 కంపెనీయా, ప్రైవేట్ లిమిటెడ్డా?

నమస్కారమండీ. చెన్నై వడపళనిలో వీడియో ఎడిటర్‌ని. మా పేటలో పారిశుద్ధ్య కార్మికుల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం గడగడా మాట్లాడతారు. డబ్బింగ్, సబ్‌టైటిళ్లకి కావలసింది అదే కదా! స్టూడియో గడప దాకా తీసుకెళ్లేవాళ్లే లేరు. ఆర్నెల్లు జీతం లేకుండా నేర్చుకోమంటే బస్సు ఖర్చులకైనా ఎక్కడ తెస్తారు?

అందుకే స్టైపెండ్ ఇస్తూ నేర్పి, పెళ్లి వీడియోలు, యూట్యూబ్ పనుల ఆదాయంతో నడిచే సంస్థ పెడదామనుకుంటున్నాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం సెక్షన్ 8 కంపెనీలో, అంటే లాభాపేక్ష లేని కంపెనీలో, లాభాలు పంచుకోకూడదు. నాకది సమ్మతమే. ప్రైవేట్ లిమిటెడ్ అయితే పెట్టుబడి తేవచ్చు గానీ పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులకి దారి మూసుకుపోతుంది.

ఇలాంటిది నడిపినవాళ్లున్నారా? 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకి పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు చేతికొచ్చేదాకా స్టైపెండ్ డబ్బు ఎలా సర్దారు? నలుగురు పిల్లలు ఇప్పటికే రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటున్నారు, దయచేసి చెప్పండి.