ఒకేలాంటి దెబ్బ: తమ్ముడికి పదకొండు వారాలు, మా ఆయనకు అయిదేనా?

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. 2019లో గ్రానైట్ క్వారీలో రాయి జారి మా ఆయన చీలమండ విరిగింది. ఆ ఏడాదే జీడిమెట్ల ఫ్యాక్టరీలో మా తమ్ముడికీ అదే దెబ్బ. తమ్ముడు మెట్లెక్కడం వచ్చాకే, పదకొండు వారాలకు పనిలోకి వెళ్లాడు. మా ఆయన అయిదో వారమే కుంటుతూ వెళ్లారు. చలికాలం ఇప్పటికీ కాలు లాగుతుందంటారు. ఊరిని బట్టి ఎముక అతుక్కోదు కదా, ఎందుకీ తేడా?

జవాబు 1: అక్కా, తేడా చట్టంలో ఉంది. తమ్ముడికి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉండి ఉంటుంది. డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చినన్నాళ్లూ సగటు జీతంలో 90 శాతం వస్తుంది. అప్పట్లో గనులు ఈఎస్ఐ కిందికి రావు, 1923 నాటి పరిహార చట్టమే దిక్కు. దాని ప్రకారం పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం. 2019లో జీతం ఎంతున్నా 8,000 దాటి లెక్కకట్టేవాళ్లు కాదు. అంటే మహా అయితే 2,000. దాంతో ఇల్లు ఎలా గడుస్తుంది?

ప్రశ్న అడిగినవారు: ఆ రెండు వేలూ మాకు రాలేదండీ. క్వారీవాళ్లు ఆసుపత్రి బిల్లు కట్టి సరిపెట్టారు. అడగొచ్చని కూడా మాకు తెలియదు. పాల బాకీ, పిల్లల ఫీజు... ఆ టెన్షన్‌తోనే మా ఆయన పనిలోకి వెళ్లారు.

జవాబు 2: మా జీడిమెట్లలోనూ అందరికీ దొరకదు. కాంట్రాక్టర్ మన పేరు ఎక్కించకపోతే ఈఎస్ఐ కార్డే ఉండదు. మా షెడ్డులో వేలు తెగినతను నాలుగో రోజే మెషిన్ దగ్గరున్నాడు.