మంచినీళ్ల చెరువులో పురుగుల్ని బట్టి నీళ్లెలా ఉన్నాయో చెప్పొచ్చా?

రాజోలు_బయాలజీ:
నమస్కారమండి. రాజోలు దగ్గర హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా ఊరి మంచినీళ్ల చెరువుకి గోదావరి కాలువే ఆధారం. వేసవిలో కాలువలు కట్టేసేలోపు నింపుకుంటాం, మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరంతటికీ అవే. ఈమధ్య చెరువు అడుగు బురద నల్లబడి వాసనొస్తోంది. సీసాలో నీళ్లు పట్టి టెస్టుకి పంపితే బాగానే ఉన్నాయని కాగితం వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలేమో "నీళ్లలో పురుగుల్ని బట్టి చెప్పొచ్చంట కదా సార్" అంటున్నారు. నిజమేనా? పిల్లలతో చేయించే పనేనా?

భీమవరం_చేపలరైతు:
మాస్టారండీ, మేం రోజూ చేసేది అదే. తెల్లారుజామున గట్టు మీదకెళ్లి చూస్తాం. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ పడిపోయినట్టు లెక్క. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే పీల్చేస్తుంది. అందుకే పొద్దు పొడిచే ముందు బాగా తగ్గుతుంది. మీ చెరువులో చేపలుంటే ఆ వేళకి వెళ్లి చూడండి, మధ్యాహ్నం చూస్తే ఏమీ తెలీదు.

జువాలజీ_మేడమ్_కాకినాడ:
చేపల రైతుగారు చెప్పింది అక్షరాలా నిజం. మాస్టారూ, తప్పకుండా చేయించండి. డిగ్రీ పిల్లలకి ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పాను, ట్రే ముందు కూర్చోబెడితే తప్ప ఎవరికీ ఎక్కలేదు.

సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి. బురదలో వారాలూ నెలలూ బతికే పురుగు మాత్రం ఆ చెరువుకి వచ్చిన కష్టమంతా పడే ఉంటుంది. సున్నితమైనవి పోతాయి, మొండివి మిగులుతాయి. ఏవి మిగిలాయో చూడడమే ఈ పద్ధతి. జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే శాస్త్రవేత్తలు 1908, 1909లోనే ఏ జీవి ఎంత మురికిని తట్టుకుంటుందో పట్టికలు వేశారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా జీవుల్ని బట్టి నీటిని 'ఎ' నుంచి 'ఇ' దాకా అయిదు తరగతులు చేసింది.

సన్న కన్నాల చేతివలతో రేవు పక్కన గడ్డి మొదళ్లలోనూ, బురద పైపొరలోనూ తోడండి. తెల్ల ట్రేలో పోసి కాసేపు కదపకుండా వదిలేయండి. బురద పేరుకున్నాక ఒక్కొక్కటీ కదలడం మొదలుపెడుతుంది. మూడు తోకలతో, పొట్టకి రెండు పక్కలా పల్చటి మొప్పలు అల్లాడిస్తూ ఉండేది మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్ల. బొద్దుగా బురద రంగులో ఉండి, కింది పెదవిని ముఖం కిందికి మడిచి దాచుకునేది తూనీగ పిల్ల. దాని ముందుకి చిన్న పురుగు వస్తే ఆ పెదవిని చటుక్కున చాచి పట్టేస్తుంది. పిల్లల చేతికి భూతద్దం ఇచ్చి ఇది చూపించండి, ఇక వాళ్లని లేపడం మీ వల్ల కాదు!

మెలికలు తిరుగుతూ ఎర్రగా ఉండేవి కైరోనమిడ్ పిల్లలు, అంటే దోమలా ఉండి కుట్టని ఈగల పిల్లలు. వాటి ఒంట్లో హీమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ బాగా తగ్గిన బురదలోనూ బతుకుతాయి. అవి కనపడగానే కంగారు పడొద్దు, మంచి చెరువులోనూ ఉంటాయి. అవీ, తల బురదలో పెట్టి తోక ఊపే ట్యూబిఫెక్స్ అనే సన్నటి వానపాము లాంటి పురుగులూ తప్ప ఇంకేమీ లేకపోతే మాత్రం అడుగు పాడైనట్టే. నీళ్ల మీద పరుగులు తీసేవాటినీ, దోమ పిల్లల్నీ ఇందులో లెక్కపెట్టకండి. అవి పైగాలి పీల్చుకుంటాయి, నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా వాటికి ఫర్వాలేదు.

మార్కులు వేయాలనుకుంటే బ్రిటన్‌లో పుట్టిన బీఎండబ్ల్యూపీ (బయలాజికల్ మానిటరింగ్ వర్కింగ్ పార్టీ) పట్టిక ఉంది. పురుగు ఎంత సున్నితమైనదైతే అంత ఎక్కువ మార్కు. లిబెల్యులిడే కుటుంబం తూనీగలకి 8, బీటిడే కుటుంబం మేఫ్లైలకి 4, కైరోనమిడ్‌లకి 2, ట్యూబిఫెక్స్ తరహా పురుగులకి 1. అది పారే నదులూ వాగుల కోసం చేసింది, నిలవ నీళ్లలో మంచి చెరువుకి కూడా తక్కువే వస్తాయి. అందుకని మార్కుని చూసి తీర్పు చెప్పకుండా, మీ చెరువునే కాలువ కట్టకముందూ, మే నెలలోనూ పోల్చండి. పక్క ఊరి చెరువు కూడా చూస్తే ఇంకా మంచిది.

ఒక్కటి మాత్రం పురుగులు చెప్పవు. మలం ద్వారా వచ్చే బాక్టీరియా ఉందో లేదో వాటిని చూసి తెలియదు. దానికి హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) పరీక్ష సీసా వాడండి. నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, ఒకటి రెండు రోజుల్లో నల్లబడిందంటే ఆ నీళ్లు నేరుగా తాగకూడదు.

రాజోలు_బయాలజీ:
చాలా సంతోషం మేడమ్. గాలి వాలున ఉన్న గట్టు పక్కన పచ్చరంగు కలిపినట్టు తెట్టు కూడా ఉంది. కాచుకుని తాగితే సరిపోతుంది కదా?

జువాలజీ_మేడమ్_కాకినాడ:
సరిపోదు మాస్టారూ, ఇది ముందు చూడాలి. ఆ తెట్టు మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. అది విషం తయారుచేసే రకమైతే మైక్రోసిస్టిన్ వస్తుంది, కాచినా పోదు. తాగేనీటిలో లీటరుకి 1 మైక్రోగ్రామ్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పిల్లల్ని ఆ పక్కకి పోనివ్వకండి, గొడ్లని తాగనివ్వకండి. మీరే చేతికి తొడుగు వేసుకుని కొంచెం తెట్టు సీసాలో పట్టి, మీ స్కూలు మైక్రోస్కోపు కింద పెట్టండి. ఆకారం లేని జిగురు ముద్దలో సన్నటి గుండ్రటి కణాలు గుంపుగా కనిపిస్తే ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. ఈలోగా నీళ్లు తోడే గొట్టం ఆ గట్టుకి దూరంగా ఉందో లేదో చూడమని పంచాయతీలో ఈరోజే చెప్పండి.