అప్‌డేట్: బైక్ చైన్ చప్పుడు పోయింది

తిరుమల ఘాట్ ఎక్కుతుంటే బైక్ చైన్ టకటకా కొట్టుకుంటోంది, ఇంట్లోనే బిగించుకోవచ్చా అని పోయిన వారం అడిగాను కదా. ఇంజిన్ నడుస్తుండగా చైన్ తుడవొద్దు, వేళ్లు పోతాయి అని హెచ్చరించినవాళ్లకు దండాలు. ఇన్నాళ్లూ నేను చేసింది అదే.

ఈసారి తాళం తీసి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో సెంటర్ స్టాండ్ వేసి, చక్రం చేత్తో తిప్పాను. కిరోసిన్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే నల్లటి మడ్డి ముద్దలుగా ఊడింది. మాన్యువల్‌లో 20–30 మి.మీ. వదులు ఉండాలని ఉంది. నాది రెండు అంగుళాలు ఊగుతోంది! వెనక చక్రాన్ని పట్టి ఉంచే యాక్సిల్ నట్ వదులు చేసి, రెండు వైపులా గీతలు సమానంగా వచ్చేలా చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్లు తిప్పి, మళ్లీ గట్టిగా బిగించాను.

నిన్న అలిపిరి నుంచి కొండెక్కాను, చప్పుడే లేదు. చైన్ తిరిగే పళ్ల చక్రం (స్ప్రాకెట్) పళ్లు మాత్రం అరిగి మొనదేలి ఉన్నాయి. చైన్, స్ప్రాకెట్లు కలిసిన సెట్ మార్చేదాకా మళ్లీ ఘాట్ ఎక్కను.